అంచు నేలకు ఆనాలి: రొయ్యలకు విసురు వల ఎంపిక, సంరక్షణ

కొల్లేటి నీళ్ళను సముద్రంలో కలిపే ఉప్పుటేరు గట్టు. కార్తీక మాసపు వేకువ. పాటు మొదలై గంటయింది. నీళ్ళు దిగుతున్న కొద్దీ బురద బయటపడుతోంది. ఆ బురద వెంబడే రొయ్యలు చిటుకు చిటుకుమని ఎగురుతున్నాయి. నా వల విసిరాను. గుండ్రంగానే పడింది. లాగి చూస్తే రెండు ఎండుటాకులు, ఒక పీతపిల్ల. మళ్ళీ విసిరాను. మళ్ళీ అంతే. మూడోసారి విసరబోతుంటే మావయ్య ఆగమని నా చేతిలోంచి వల తీసుకున్నాడు. విప్పి చూడలేదు, పైకెత్తి చూడలేదు. అంచు తాడు మాత్రం పట్టుకుని, జపమాల తిప్పినట్టు ఒక్కో గుండూ వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ పోయాడు. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"ఇదిగో అబ్బాయ్, ఇక్కడ జానెడు మేర గుండ్లు లేవు. గంప కింద కోడిని మూసేటప్పుడు గంప ఒక పక్క లేచి ఉంటే కోడి ఉంటుందా?"

ఉండదు. రొయ్య అసలే ఉండదు. దాని ముఖ్యమైన రక్షణ వెనక్కి తోక కొట్టి దూసుకుపోవడం. నెత్తిన వల పడగానే అది పైకి ఎగరడమో, బురదలోకి దిగడమో, అంచు వైపు దూకడమో చేస్తుంది. అంచు కింద రెండు వేళ్ళ సందు దొరికితే చాలు.

ఆ వేకువ నేర్చుకున్న మాటే ఈ అధ్యాయం మొత్తానికీ మూలం. విసురు వల గురించి మనం మామూలుగా అడిగేవి దాని పొడవెంత, ధరెంత, ఎంత దూరం పడుతుంది అనే. ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ వల అంచు, నేను విసిరే నీళ్ళలో, చుట్టూతా ఒకేసారి నేలకు ఆనుతుందా? వల కొనేటప్పుడూ, వాడేటప్పుడూ, కడిగి దాచేటప్పుడూ ఈ ఒక్క ప్రశ్న మరవకండి.

ముందు నీళ్ళను చూడండి, తర్వాత వలను

కొట్టుకు వెళ్ళే ముందు ఒక రోజు మీరు వల వేయబోయే చోటికి ఉత్త చేతులతో వెళ్ళండి. మూడు సంగతులు చూసుకుని రండి.

మొదటిది లోతు. ఒక కర్ర గుచ్చి చూడండి. వల మునుగుతున్న కొద్దీ దాని నోరు మూసుకుంటూ పోతుంది. అందుకే వల పొడవులో సగానికి మించిన లోతులో విసిరితే పైన ఎంత చక్కగా విచ్చుకున్నా అడుగుకు చేరేసరికి చిన్న వలయమే మిగులుతుంది. నడుము లోతు నీళ్ళకు 5 మూరల వల, అంటే తల నుంచి అంచు వరకు దాదాపు 2.3 మీటర్ల పొడవున్నది సరిపోతుంది.

రెండోది నేల. గోదావరి గౌతమి పాయ దిగువన, కోరింగ మడ అడవుల వైపు కాలవల్లో మెత్తటి ఒండ్రు ఉంటుంది. దానిలోంచి మడ చెట్ల ఊపిరి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. అక్కడ ఎంత మంచి వలైనా ఒక పూటలో చిరిగిపోతుంది. వేళ్ళు లేని నున్నటి బురద, ఇసుక కలిసిన మెరక, పిల్ల కాలువ పెద్ద కాలువలో కలిసే మొగ దగ్గర విసరండి. ఒక మాట గుర్తుంచుకోండి. కోరింగ 1978 నుంచీ అభయారణ్యం. అక్కడ ఎక్కడ వల వేయవచ్చో, ఎక్కడ కూడదో అటవీ శాఖ వాళ్ళను అడిగి తెలుసుకున్నాకే దిగండి.

మూడోది ప్రవాహం. చెరువులో నీరు నిలకడగా ఉంటుంది. కాలువలో పోటు, పాటు రెండూ లాగుతాయి. నిలకడ నీటిలో తిన్నగా దిగే వల, పారే నీటిలో ఒక పక్కకు కొట్టుకుపోయి అంచు లేచిపోతుంది.

ఏ రొయ్య కోసం వెళ్తున్నారో కూడా తేల్చుకోండి. తెల్ల రొయ్య, టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పోటుతో పాటు ఏటి మొగల్లోకి వచ్చి ఉప్పు, మంచి కలిసిన నీళ్ళలో పెరిగి, పెద్దవయ్యాక తిరిగి సముద్రానికి పోతాయి. నీలకంఠ రొయ్య దారి వేరు. అది మంచినీటిలో బతుకుతుంది, పిల్లల కోసం ఉప్పు కలిసిన నీటికి దిగుతుంది. తెల్ల రొయ్యలు చిన్నవి, గుంపుగా తిరుగుతాయి. నీలకంఠ రొయ్య పెద్దది, పొడుగాటి కాళ్ళది. వల కంట్లో కాలు ఇరికించుకుని దారాన్ని తెంపేస్తుంది. ఒకే వల ఈ రెండింటికీ సమంగా పనికిరాదు.

కన్ను: చిన్నదైతే నెమ్మది, పెద్దదైతే ఖాళీ

వల కన్నును రెండు రకాలుగా కొలుస్తారు. ముడి నుంచి ముడికి కొలిస్తే ఒక లెక్క, కంటిని సాగదీసి కొలిస్తే దానికి రెట్టింపు. అమ్మేవాళ్ళు "20 మిల్లీమీటర్లు" అంటే ఏ లెక్కన అంటున్నారో అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక, చెరువులో పనికొచ్చే వల అనుకుని పిల్ల రొయ్యంతా జారిపోయే వల కొనుక్కున్న వాళ్ళు చాలామంది.

కన్ను ఎంత చిన్నదైతే అంత దారం ఎక్కువ. దారం ఎక్కువైతే నీరు అడ్డుకుంటుంది, వల నెమ్మదిగా దిగుతుంది, రొయ్యకు తప్పించుకునే వ్యవధి దొరుకుతుంది. కనుక అవసరం కంటే చిన్న కన్ను కొనకండి. చెరువులో నమూనా తీయడానికి సాగదీసిన లెక్కన 16 నుంచి 20 మిల్లీమీటర్లు, కాలువలో కూరకు పట్టుకోవడానికి 24 నుంచి 30 మిల్లీమీటర్లు నాకు అనువుగా ఉన్న కొలతలు. పెద్ద కన్ను వల్ల ఇంకో మేలు ఉంది. పెరగవలసిన పిల్లలు వాటంతట అవే బయటికి పోతాయి. ఆ పిల్లలే వచ్చే నెల మీ కూర.

దారం సంగతి. నూలు వలల రోజుల్లో కుళ్ళిపోకుండా చెట్ల బెరడు కషాయంలో వలను నానబెట్టేవారు. నైలాన్ వచ్చాక ఆ పని తప్పింది. నైలాన్ నీటి కంటే కొంచెం బరువు, తనంతట తానే మునుగుతుంది. తాళ్ళకు వాడే పాలిథిలీన్ నీటి కంటే తేలిక, తేలుతుంది. అందుకే విసురు వల ఒంటికి నైలానే మంచిది. నైలాన్‌లోనూ రెండు రకాలు. ఒంటిపోగు దారం బిరుసుగా ఉంటుంది, నీరు పెద్దగా పీల్చదు, గబగబా దిగుతుంది. పురిపెట్టిన దారం మెత్తగా చేతికి ఒదుగుతుంది, కానీ నీరు పట్టి బరువెక్కుతుంది, రొయ్య ముక్కు ముల్లు దానిలో చిక్కుకుంటుంది. కాలువకు ఒంటిపోగు, కొత్తగా నేర్చుకునే చేతికి పురి దారం నా సలహా.

మీటరు అంచుకు పావుకిలో

ఇక గుండ్లు. వల మొత్తానికి ఎన్ని కిలోలు అన్నది సగం సమాధానమే. మీటరు అంచుకు ఎంత అన్నది అసలు సమాధానం. 3 కిలోల సీసం 2 మీటర్ల వలకు కడితే, ఆ వల అంచు చుట్టుకొలత 12.6 మీటర్లు కాబట్టి మీటరుకు దాదాపు 240 గ్రాములు పడుతుంది. అదే 3 కిలోలు 3 మీటర్ల వలకు కడితే చుట్టుకొలత 18.8 మీటర్లు. మీటరుకు 160 గ్రాములే. చూడటానికి పెద్ద వల, అంచు మాత్రం బలహీనం.

మీటరు అంచుకు పావుకిలో. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. 5 మూరల వలకు ఇది సుమారు మూడున్నర కిలోలు. పారే నీటికి ఇంకాస్త పెంచండి. నిలకడ నీటికి, మెత్తటి బురదకు కాస్త తగ్గించండి. బురదలో మరీ బరువైన అంచు నేల మీద ఆనకుండా నేలలోకి దిగబడి, లాగేటప్పుడు బుట్టెడు ఒండ్రును వెంట తెస్తుంది.

బరువు ఎంత అన్నదానికంటే అది ఎలా పంచబడింది అన్నది ముఖ్యం. పెద్ద గుండ్లు దూరంగా కట్టిన వల కంటే చిన్న గుండ్లు దగ్గరగా కట్టిన వల రొయ్యలకు ఎప్పుడూ మేలు. రెండు గుండ్ల మధ్య నాలుగు వేళ్ళకు మించి ఖాళీ ఉంటే ఆ వల చేపలకు పనికి రావచ్చు, రొయ్యలకు వద్దు.

సంచి ఉన్న వలే రొయ్యల వల

విసురు వలల్లో రెండు తీర్లు కనిపిస్తాయి. ఒకదానిలో అంచు నుంచి తల వరకు లోపల సన్నటి తాళ్ళు ఉంటాయి. తాడు లాగితే అంచంతా లోపలికి ముడుచుకుంటుంది. రెండోదానిలో తాళ్ళు ఉండవు. అంచును లోపలికి మడిచి, అక్కడక్కడా వలకే కుట్టి, చుట్టూతా సంచుల్లా చేస్తారు. వల లాగుతున్నప్పుడు రొయ్య తోక కొట్టి కిందికి, బయటికి పోబోయి ఆ సంచిలో పడుతుంది. అక్కడి నుంచి దానికి దారి లేదు. రొయ్యలకు ఈ రెండో తీరు కొనండి. సంచి లోతు కనీసం జానెడు ఉండాలి. లోతు తక్కువైతే నిండగానే రొయ్యలు పైనుంచి పొర్లి పోతాయి.

కొట్లో చేయవలసిన పరీక్ష

వల తలను ఒక కొక్కేనికి తగిలించమనండి. కింద అంచు నేలకు కాస్త ఎత్తులో వేలాడాలి. అంచు చుట్టూ ఒకే ఎత్తులో ఉందా చూడండి. ఒక పక్క పొట్టిగా ఉంటే అల్లికలో కళ్ళు పెంచడం ఎక్కడో తప్పింది. అలాంటి వల ఎన్నడూ గుండ్రంగా విచ్చుకోదు. తర్వాత రెండు మూడు చోట్ల కంటిని వేళ్ళతో గట్టిగా సాగదీయండి. ముడి జారితే ఆ వల వద్దు. చివరగా అంచును వేళ్ళ మధ్య నుంచి పూర్తిగా ఒక చుట్టు జార్చండి. ఇందుకు రెండు నిమిషాలు పడుతుంది. బేరం కంటే ముందు ఈ రెండు నిమిషాలు.

పొడవు విషయంలో ఆశకు పోకండి. మీరు పదిసార్లలో ఎనిమిదిసార్లు గుండ్రంగా విప్పగలిగిన వలే మీ వల. 2 మీటర్ల వల పూర్తిగా విచ్చుకుంటే 12.6 చదరపు మీటర్లు కప్పుతుంది. 3 మీటర్ల వల సగమే విచ్చుకుంటే 14. ఆ కొంచెం తేడా కోసం భుజం నొప్పి, రెట్టింపు ధర, వంకర అంచు ఎందుకు? కొన్నాక వారం రోజులు ఖాళీ కళ్ళం మీదో, గడ్డి నేల మీదో విసిరి నేర్చుకోండి. సిమెంటు నేల మీద వద్దు, దారం కోసుకుపోతుంది.

విసిరేటప్పుడు అంచును పళ్ళతో పట్టుకోవడం మన వైపు అలవాటు. దయచేసి మానండి. గుండ్లు సీసం. అది నోటి ద్వారా ఒంట్లోకి కొద్దికొద్దిగా చేరుతుంది, పిల్లలకైతే మరీ హాని. ఆ మడతను మోచేతి మీద వేసుకుని విసరడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. వల పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టండి. ఇంకొకటి, తాడు ఉచ్చు మణికట్టుకు బిగుసుకోకూడదు, కొస లాగితే ఊడిపోవాలి. ప్రవాహంలో వల దేనికైనా చిక్కుకుంటే వలను వదలగలగాలి. రాత్రి పూట ఒంటరిగా దిగకండి.

చెరువు రైతుకు ఒక మాట

2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల విసురు వల లేని చెరువు గట్టు లేదు. అక్కడ వల పని రొయ్యలను పట్టడం కాదు, లెక్క చెప్పడం. సగటు బరువు 10 గ్రాములైతే కిలోకు 100 రొయ్యలు, అంటే 100 కౌంటు; 20 గ్రాములైతే 50 కౌంటు. ఆ కౌంటును బట్టే మేత, పట్టుబడి రోజు, అమ్మకం ధర నడుస్తాయి.

ఇక్కడ అంచు తప్పితే ఎంత నష్టమో చూడండి. మీ వల నిజంగా కప్పేది 10 చదరపు మీటర్లనుకుందాం. చెరువు నాలుగు మూలలా, నడుమ కలిపి 5 సార్లు విసిరితే విసురుకు సగటున 300 రొయ్యలు వచ్చాయి. అంటే చదరపు మీటరుకు 30. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కనుక దాదాపు 1,21,000 రొయ్యలు ఉన్నట్టు. అదే వల అంచులో సందుండి విసురుకు 60 రొయ్యలు జారిపోతే లెక్క 97,000కు పడిపోతుంది. చెరువులో ఉన్న 24,000 రొయ్యలు కాగితం మీద చచ్చిపోయాయి. వాటికి మేత తగ్గిస్తారు, అవి ఆకలితో ఉంటాయి, సైజు తేడా వస్తుంది. తప్పు విత్తనం మీదో, మేత మీదో పడుతుంది. అసలు తప్పు జానెడు అంచుది.

నమూనా ఉదయం చల్లబాటు వేళ తీయండి. రొయ్యలు గుల్ల విడిచే రోజుల్లో తీయకండి, మెత్తటి ఒంటికి వల దారం తగిలితే దెబ్బతింటాయి. ఇక, చెరువుకొక వల ఉంచండి. తెల్లమచ్చ తెగులు తడి వల మీద కూడా ఒక చెరువు నుంచి మరో చెరువుకు నడిచి వెళ్తుంది. పొరుగు రైతు వల అడిగితే ఇవ్వలేనని చెప్పడం మొహమాటమే. కానీ ఆ మొహమాటం ఖరీదు ఒక పంట.

ఇంటికొచ్చాక అరగంట

వల ఆయుష్షు నీళ్ళలో కంటే గట్టు మీదే ఎక్కువ తరుగుతుంది. ఒకసారి అలసిపోయి తడి వలను గోతాంలో కుక్కి పశువుల పాకలో పడేశాను. రెండు రోజుల తర్వాత తీస్తే రొయ్య వాసనకు ఎలుకలు కొరికిన కంతలు, అరచేయి పట్టేంతవి పదకొండు. కుట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ అరగంట బద్ధకం అంత పని తెచ్చింది. అప్పటి నుంచి ఈ వరస తప్పలేదు.

వల తడిగా ఉండగానే రొయ్యలను, కాళ్ళు, మీసాలు, ఆకులు విదిలించి తీయండి. ఎండాక లాగితే ముల్లుతో పాటు దారం తెగుతుంది. పీత చిక్కితే పీక్కోకండి. వలను నీళ్ళలో ముంచి కాసేపు వదిలితే అదే డెక్క వదులుతుంది. తర్వాత మంచినీటిలో రెండు సార్లు జాడించండి. ఉప్పు గుండ్ల సందులో, ముడుల్లో గట్టిపడి దారాన్ని ఒరుస్తుంది. చెరువు వలైతే పొటాషియం పర్మాంగనేట్ నీటిలో ముంచండి. బ్లీచింగ్ వాడితే పలచగా, కొద్దిసేపే వాడి బాగా కడగండి. ఘాటు బ్లీచింగ్ నైలాన్‌ను పెళుసుగా చేస్తుంది.

ఆరబెట్టడం నీడలో. ఎండ కూడా నైలాన్‌కు శత్రువే, నెలల తరబడి ఎండలో వేలాడిన వల చేతిలో చిట్లుతుంది. గాలి తగిలే చూరు కింద తల పైకి, అంచు కిందికి వేలాడదీయండి. పూర్తిగా ఆరాకే దాచండి. దాచేటప్పుడూ కొక్కేనికే, నేల మీద కాదు.

చిరుగు చిన్నగా ఉండగానే

కంత కుట్టడం కష్టమనుకుని చాలామంది నాలుగు పోగులు కలిపి ముడేస్తారు. ఆ ముడి దగ్గర వల ముడుచుకుంటుంది, అంచు ఆ పక్క పైకి లేస్తుంది. మళ్ళీ మొదటికే వచ్చాం. సరైన పద్ధతి ఇది. కంత చుట్టూ చిరిగిన పోగులను కత్తిరించి శుభ్రం చేయండి. కంత పై భాగంలో మూడు పోగులు మిగిలిన ముడి ఒకటి వెతకండి, అక్కడ మొదలుపెట్టండి. అడ్డంగా ఒక వరస, తర్వాత వెనక్కి ఇంకో వరస, ప్రతి కంటికీ అదే కొలత వచ్చేలా వేలు ఆధారంగా పెట్టుకుని అల్లుతూ కిందికి రండి. కింద కూడా మూడు పోగుల ముడి దగ్గరే ముగించండి. వల అల్లే సూది, అదే మందం దారం ఒక ఉండ, పదిహేను గుండ్లు ఒక డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. ఊడిన గుండు ఆ రోజే కట్టండి.

పట్టుబడిన వాటిలో నీలకంఠ ఆడ రొయ్య పొట్ట కింద గుడ్ల గుత్తి కనిపిస్తే మెల్లగా నీళ్ళలోకి వదిలేయండి. ఆ ఒక్కదాని పొట్ట కింద వేలల్లో గుడ్లుంటాయి.

ఈ వారం చేయవలసినవి

మీ వలను చూరుకు వేలాడదీసి అంచు ఎత్తులు చూడండి. అంచును టేపుతో కొలవండి. వలను తూకం వేసి, దారం బరువు పోను మీటరుకు ఎంత పడుతుందో పుస్తకంలో రాసుకోండి. సంచి కుట్లు ఊడాయేమో వేళ్ళు పెట్టి చూడండి. పొడి నేల మీద పదిసార్లు విసిరి, నిజంగా ఎంత వెడల్పు విచ్చుకుంటోందో అడుగులతో కొలవండి. ఇకపై ప్రతి విసురు రోజూ, మొదటి విసురుకు ముందు, అంచును వేళ్ళ మధ్య నుంచి ఒక చుట్టు జార్చండి.

మావయ్య ఆ వేకువ తన నడుముకు కట్టుకున్న సంచిలోంచి నాలుగు గుండ్లు తీసి, గట్టు మీద గొంతుక్కూర్చుని నా వలకు కట్టాడు. పది నిమిషాలు పట్టింది. అప్పటికి పాటు ఇంకా ఉంది. నాలుగో విసురుకు సంచి అడుగున రొయ్యలు తోకలు కొట్టుకుంటూ కనిపించాయి. మీ డబ్బాలో గుండ్లున్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి. రేపు పోటు ఎన్నింటికో కనుక్కుని పడుకోండి.